లాకు వంతెన దగ్గర నాలుక పీకింది

(కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. వ్యసనాల మీద డాక్టరు మాట్లాడతాడంటే ముందు వరస ఎప్పుడూ ఖాళీయే. ఎవరి మొహం చూసి మాట్లాడతాడో అని భయం. (నవ్వులు) నేనెవరి మొహమూ చూడను. ముందు నా సంగతే చెప్పేస్తాను. పద్నాలుగేళ్లు సిగరెట్టు తాగాను. అందులో ఎనిమిదేళ్లు డాక్టరునయ్యాకే. పొద్దున్న రోగులకి "మానెయ్యండి" అని చెప్పడం, మధ్యాహ్నం ఆసుపత్రి వెనక టీకొట్టు దగ్గర నిలబడి వెలిగించడం. కాబట్టి "చదువులేక, తెలివిలేక అలవాటు పడ్డాడు" అనే మాట మాత్రం నా దగ్గర అనకండి.

ఒక మనిషి సంగతి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను, గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను కూడా. మన వైపువాడే, తాపీమేస్త్రీ. పొద్దున్న లేవగానే చేతులు వణికేవి, తాపీ నిలిచేది కాదు. క్వార్టరు పడితేగానీ పనిలోకి దిగలేని స్థితికి వచ్చాడు. ఇంట్లోవాళ్లు ఆసుపత్రిలో చేర్పించి మాన్పించారు. ఆ వెంటనే కువైట్ వెళ్లాడు. అక్కడ మద్యనిషేధం. మూడేళ్లు చుక్క ముట్టలేదు, పెద్దగా గుర్తుకు కూడా రాలేదట.

తిరిగొచ్చాడు. హైదరాబాదులో విమానం దిగాడు, బస్సెక్కాడు, రావులపాలెంలో దిగాడు. అప్పటిదాకా ఏమీ లేదు. ఆటోలో ఊరికి వస్తుంటే కాలువ మీద లాకు వంతెన వచ్చింది. ఆ వంతెన దిగితే ఒకప్పుడు బ్రాందీ షాపు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. షాపే లేదు! అయినా, "వంతెన ఎక్కేసరికి నాలుక పీకేసిందండి డాక్టరుగారూ, చేతులు వణికాయి" అన్నాడు. మూడేళ్ల తర్వాత చేతులు వణకడమేమిటి? ఇంటికెళ్లి పెట్టె దింపాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు, పది నిమిషాల్లో వస్తానని బయటికెళ్లాడు. రాత్రి పదకొండింటికి ఎవరో తీసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు.

ఆయన భార్య నన్నడిగింది: "మూడేళ్లు ఉండగలిగినవాడు ఇంటికొచ్చి మూడు గంటలు ఉండలేకపోయాడంటే, మా మీద ప్రేమ లేనట్టే కదండీ?"

ఆవిడకి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఓపీలో వెనకాల ఇంకో నలభైమంది ఉన్నారు. ఇవాళ తీరిగ్గా చెబుతాను.

1954లో కెనడాలో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అని ఇద్దరు ఎలకల మెదడులో సన్నటి తీగలు గుచ్చి కరెంటు పంపించి చూస్తున్నారు. వాళ్లు వెతికింది వేరే సంగతి. ఒక ఎలకలో తీగ గురితప్పి ఇంకోచోట దిగింది. ఆ ఎలక కరెంటు ఇచ్చిన మూలకే మళ్లీ మళ్లీ వచ్చి నిలబడేది. ఇదేదో బాగుందని, ఒక మీట పెట్టి, నొక్కితే కరెంటు దానంతటదే వచ్చే ఏర్పాటు చేశారు. ఇక చూడండి, గంటకి వందలసార్లు, తర్వాతి ప్రయోగాల్లో వేలసార్లు నొక్కాయి ఎలకలు. ఆకలేస్తున్నా మేత వదిలేసి మీట దగ్గరే ఉండిపోయినవి ఉన్నాయి. మెదడులో సుఖం పుట్టే చోటు దొరికిందని అందరూ అనుకున్నారు. అలా అనుకోవడం పొరపాటని తేలడానికి ముప్పై నలభై ఏళ్లు పట్టింది. ఆ పొరపాటు ఏమిటో తెలిస్తే మేస్త్రీ భార్య ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

అదే దశాబ్దంలో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే ఆయన కుందేళ్లకి రెసర్పిన్ అనే మందిచ్చాడు. రెసర్పిన్ అంటే ఎక్కడిదో కాదు, మన సర్పగంధ వేరులోంచి తీసినదే. కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. చెవులు వాల్చేసి, బతికి ఉండీ బొమ్మల్లా. వాటికి డోపమైన్ తయారుకావడానికి కావలసిన ముడిసరుకు ఎక్కిస్తే కాసేపటికి లేచి తిరిగాయి. డోపమైన్ అనేది మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపే రసాయనమని అలా బయటపడింది. 2000లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఈమధ్య సెల్‌ఫోన్ వీడియోల్లో డోపమైన్‌ని "ఆనంద రసాయనం" అంటున్నారు. కుందేళ్లని గుర్తుపెట్టుకోండి. డోపమైన్ పని లేపి నడిపించడం. "లే, అటు పద, అది తెచ్చుకో" అని తోస్తుంది. ఆనందానికి వేరే సరంజామా ఉంది.

రుజువేమిటంటారా? అమెరికాలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త ఎలకల మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేశాడు. ఎదురుగా మేత పెట్టినా అవి కదిలి తినవు. చేత్తో తినిపించకపోతే ఆకలితో చచ్చిపోతాయి. కానీ నోట్లో ఒక తీపి చుక్క వేస్తే చక్కగా మూతి నాక్కుంటాయి, పసిపిల్లల్లాగే. అంటే రుచి తెలుస్తోంది, బాగుంది కూడా. దాని కోసం లేచి వెళ్లాలన్న ఆత్రమే పోయింది. ఇష్టం ఒక దారి, ఆత్రం ఇంకో దారి. మామూలు జీవితంలో ఈ రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తాయి కాబట్టి మనకి తేడా తెలీదు. వ్యసనంలో విడిపోతాయి. ఇష్టం తగ్గుతూ వస్తుంది, ఆత్రం పెరుగుతూ పోతుంది. నా దగ్గరికొచ్చే తాగుబోతుల్ని "మందు బాగుంటుందా?" అని అడిగితే, చాలామంది "ఛీ, ఏం బాగుంటుందండి, చేదు. కానీ ఉండలేను" అంటారు. అబద్ధమాడుతున్నారని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కాదు, అక్షరాలా నిజం చెబుతున్నారు.

మరి ఆత్రం ఎలా పెరుగుతుంది? దీనికి కోతుల ప్రయోగం ఉంది. స్విట్జర్లాండ్‌లో వుల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే ఆయన కోతికి ఒక చుక్క పళ్లరసం ఇచ్చి, డోపమైన్ కణాలు ఎప్పుడు చిటపటలాడతాయో వినేవాడు. మొదట్లో రసం నాలుక మీద పడగానే పేలేవి. తర్వాత రసానికి ముందు ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి దీపం వెలగగానే పేలేవి, రసం పడ్డప్పుడు ఏమీ లేదు. ఇంకో చిత్రం, దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే కణాలు ఉన్న చప్పుడు కూడా మానేసేవి. అనుకున్నది రాలేదని ముడుచుకున్నట్టు.

మనకి దీనికోసం స్విట్జర్లాండ్ వెళ్లక్కర్లేదు. సంక్రాంతి మూడు రోజులూ బరుల పక్కన గుండాట జూదం బల్ల దగ్గర నిలబడితే చాలు. (నవ్వులు) డబ్బు చేతికొచ్చినప్పుడు కాదు, డబ్బా ఎత్తబోయే ఆ అరక్షణం ఉంటుందే, అప్పుడు చూడాలి మొహాలు.

సరే, ఇప్పుడు ఆత్రేయపురం పూతరేకు తీసుకోండి. మొదటిసారి తిన్నప్పుడు "అబ్బ, అనుకున్నదానికంటే బాగుందే" అని డోపమైన్ ఎగురుతుంది. పదోసారికి, తెలిసిన రుచే కాబట్టి ఊరుకుంటుంది. మెదడు నేర్చుకోవడం అయిపోయింది. మత్తుపదార్థం అలా కాదు. కొకైన్ అయితే విడుదలైన డోపమైన్‌ని వెనక్కి తీసుకునే తలుపు మూసేస్తుంది. హెరాయిన్, నల్లమందు జాతివి డోపమైన్ కణాల మీద ఉండే బ్రేకు తీసేస్తాయి. నికోటిన్ తిన్నగా వెళ్లి ఆ కణాల్నే తడుతుంది. మద్యం నాలుగైదు దారుల్లో పోతుంది. దారి ఏదైనా డోపమైన్ పొంగుతుంది. అనుభవం బాగుందో లేదో చూడకుండా రసాయనమే మీట నొక్కేస్తోంది. కాబట్టి వెయ్యోసారి తాగినా మెదడుకి "అనుకున్నదానికంటే ఎక్కువొచ్చింది, ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకో" అనే కబురే అందుతుంది. ఏది గుర్తుపెట్టుకోవాలి? చుట్టుపక్కల ఉన్నదంతా. సీసా మూత చప్పుడు, సాయంత్రం ఆరున్నర, పక్కన కూర్చునే స్నేహితుడు, లాకు వంతెన.

ఎంత వేగంగా మెదడుకి చేరితే ఆ ముద్ర అంత లోతుగా పడుతుంది. సిగరెట్టు పొగలో నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకి చేరుతుంది. రోజుకి ఇరవై సిగరెట్లు, సిగరెట్టుకి పది దమ్ములు, అంటే రోజుకి రెండు వందలసార్లు మీట నొక్కినట్టు. మా అమ్మమ్మ లంకపొగాకు చుట్ట తాగేది. ఒక చుట్ట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆర్పుతూ వెలిగిస్తూ. చుట్ట మంచిదని నేను అనడం లేదు, నోటి క్యాన్సర్లు మనకి తెలియనివి కావు. అలవాటు పట్టే తీరు వేరని చెబుతున్నా. ఆవిడ వారం రోజులు జ్వరమొచ్చి పడుకుంటే చుట్ట అడిగేది కాదు. నేను మెడికల్ కాలేజీలో అరగంట క్లాసు ఎక్కువైతే గోళ్లు కొరికేవాణ్ని.

గంజాయి సంగతి అడుగుతారని తెలుసు. ఏజెన్సీ నుంచి ఎలా దిగుతోంది, ఎవరు అమ్ముతున్నారు అనేది పోలీసుల ఉపన్యాసం, నాది కాదు. మెదడులో జరిగేది చెబుతాను. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం బృందం విడదీసింది. అది మెదడులో ఏ తాళానికి పడుతుందో ఆ తాళం తర్వాత దొరికింది. తాళం ఉందంటే మెదడు సొంతంగా తయారుచేసుకునే తాళంచెవి కూడా ఉండాలి కదా? 1992లో అదీ దొరికింది. దానికేం పేరు పెట్టారో తెలుసా? ఆనందమైడ్. మన "ఆనందం"లోంచే, సంస్కృతం నుంచి తీసుకున్నారు. అది మన తలలో కొంచెం కొంచెంగా, కావలసినచోట, కావలసినప్పుడు తయారై నిమిషాల్లో కరిగిపోతుంది. గంజాయి అలా కాదు, ఇంట్లో ఉన్న తాళాలన్నీ ఒకేసారి తీసేసి గంటల తరబడి తెరిచే ఉంచుతుంది.

మరి మెదడు ఊరుకుంటుందా? ఊరుకోదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తారు కదా, మైకు పక్కన గంటసేపు నిలబడి ఇంటికొస్తే ఏమవుతుంది? భార్య పిలిచినా వినబడదు. (నవ్వులు) మెదడూ అంతే, హోరు ఎక్కువైతే వినే చెవుల్ని తగ్గించుకుంటుంది. ఆ చెవులనే మేం రిసెప్టర్లు అంటాం. మద్యం, కొకైన్, హెరాయిన్ వాడినవాళ్ల మెదళ్లని స్కానింగుల్లో చూసి, డోపమైన్ రిసెప్టర్లలో ఒక రకం తగ్గి ఉన్నాయని నోరా వోల్కోవ్ వంటివాళ్లు చూపించారు. దానివల్ల రెండు జరుగుతాయి. ఒకటి, పాత మోతాదు చాలదు. క్వార్టరు హాఫ్ అవుతుంది, హాఫ్ ఫుల్ అవుతుంది. రెండోది ఇంకా దిగులు పుట్టించేది. మందు లేని మామూలు రోజు చప్పగా, బూడిదరంగులోకి మారిపోతుంది. పిల్లాడి నవ్వు, గోదావరి గాలి, పులస పులుసు, ఇవన్నీ చిన్న చప్పుళ్లు. వినే చెవులు లేవు. మీకు అది ప్రేమ లేకపోవడంలా కనిపిస్తుంది.

దీనికి తోడు, లోపల దిగులు, చిరాకు పుట్టించే యంత్రాంగం కూడా రెచ్చిపోతుంది. మందు మానగానే వచ్చే వణుకు, చెమట, నిద్రలేమి, టెన్షన్ అంతా దాని పనే. మొదట్లో బాగుండటానికి తాగినవాడు, తర్వాత బాగోలేకపోవడం పోవడానికి తాగుతాడు. ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి వినండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాణ్ని గదిలో పెట్టి గొళ్లెం వేసి ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేనివి కనిపించి, వినిపించి, ప్రాణం మీదికి రావచ్చు. వారం పది రోజుల మందులతో, బీ1 విటమిన్‌తో ఆసుపత్రిలో సురక్షితంగా దాటించగలిగే గండం అది. గొళ్లెం వల్ల పోయినవాళ్లని నేను చూశాను.

కుర్రాళ్ల గురించి. నుదుటి వెనకాల ఉండే మెదడు భాగం బ్రేకు. "వద్దు, ఆగు, రేపు పరీక్ష" అని చెప్పేది అదే. అది పూర్తిగా బిగిసేసరికి ఇరవై అయిదేళ్లు దాటుతాయి. ఆత్రం యంత్రం మాత్రం పదిహేనేళ్లకే ఫుల్లుగా పనిచేస్తుంది. అంటే మోటారుసైకిలుకి ఇంజను ముందు బిగించి, బ్రేకులు పదేళ్ల తర్వాత ఇస్తారన్నమాట. అమెరికాలో 1994లో వచ్చిన ఒక పెద్ద సర్వే లెక్క చెబుతాను. గంజాయి ఎప్పుడైనా వాడినవాళ్లలో 100కి 9 మంది దానికి బానిసలయ్యారు. మద్యంలో 15, హెరాయిన్‌లో 23, పొగాకులో 32. అవును, పొగాకే ఎక్కువ! గంజాయి పదిహేడు పద్దెనిమిదేళ్ల లోపే మొదలుపెట్టినవాళ్లలో అయితే, ఆరుగురిలో ఒకరు. ఇక్కడ కూర్చున్న కాలేజీ అబ్బాయిలు "100కి 91 మందికి ఏమీ కాలేదు కదా" అనుకుంటారు. నేనూ ఆ వయసులో అలాగే లెక్కేశాను. ఆ 9 మందిలో తను ఉన్నాడని ఎవరికీ ముందు తెలీదు. ఎవరికి తొందరగా పడుతుంది అనేదాంట్లో సుమారు సగం పుట్టుకతో వచ్చే జన్యువులది. తండ్రి, మేనమామలు తాగుడికి బలైన ఇంట్లో పిల్లాడు "నేను కంట్రోల్లో ఉంటాను" అంటే నాకు భయమేస్తుంది.

ఇక మేస్త్రీ దగ్గరికి వద్దాం. కువైట్‌లో మూడేళ్లు ఎందుకు ఉండగలిగాడు?

వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు హెరాయిన్‌కి విపరీతంగా అలవాటుపడ్డారు. 1971లో ప్రభుత్వానికి గుండె ఆగినంత పనైంది, వీళ్లంతా ఇళ్లకొచ్చి ఏం చేస్తారో అని. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చినవాళ్లని వెతికి పట్టుకుని అడిగింది. సైనికుల్లో దాదాపు అయిదోవంతు మంది అక్కడ బానిసలయ్యామన్నారు. వాళ్లలో, ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు 100కి 5 మందే. ఎవరూ నమ్మలేదు. వాళ్లకి వంతెనలన్నీ వియత్నాంలోనే ఉండిపోయాయి. స్నేహితులు, గుడారాలు, ఆ వాసన, ఆ భయం, అన్నీ అక్కడే. ఇంటికొస్తే వాళ్ల ఊరి వీధుల్లో హెరాయిన్ జ్ఞాపకమే లేదు.

మన మేస్త్రీది తిరగబడ్డ కథ. కువైట్ ఆయనకి కొత్త ఊరు, వంతెన సొంతూళ్లో ఉంది. కోతికి దీపం వెలిగినట్టు, వంతెన కనపడగానే డోపమైన్ పేలింది. మందు వస్తోందని శరీరం ముందే సర్దుకోవడం మొదలుపెట్టింది, అందుకే ఆ వణుకు. ఇందులో భార్యాపిల్లల మీద ప్రేమకి సంబంధించినది ఎక్కడుంది చెప్పండి? ప్రేమ ఉన్న గది వేరు, ఇది జరిగిన గది వేరు. బాధ్యత లేదని నేను అనడం లేదండి. ఆ సాయంత్రం గుమ్మం దాటింది ఆయనే. కానీ "మా మీద ప్రేమ ఉంటే మానేవాడివి" అన్న మాట వినగానే వాడికి పుట్టే సిగ్గు ఉంటుందే, ఆ సిగ్గుని దించుకోవడానికి వాడికి తెలిసిన మందు ఒక్కటే.

1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది గుర్తుందా? పెద్దవాళ్లకి గుర్తుంటుంది. యానాం పుదుచ్చేరి కిందది కాబట్టి అక్కడ నిషేధం లేదు, ఆ బస్సులు ఎందుకు కిక్కిరిసేవో కూడా గుర్తుంటుంది. (నవ్వులు) నవ్వుతున్నాం కానీ, యానాం దాకా వెళ్లే ఓపిక లేక మానేసినవాళ్లని నేనెరుగుదును. షాపు పది కిలోమీటర్లు దూరమైతే ఆ దూరంలో బ్రేకుకి కొంచెం టైము దొరుకుతుంది.

మెదడు మళ్లీ బాగుపడుతుందా? చాలావరకు. రోజూ గంజాయి తాగేవాళ్లలో తగ్గిన గంజాయి రిసెప్టర్లు, అంటే ఇందాక చెప్పిన తాళాలు, నాలుగు వారాలు మానేసరికి దాదాపు మామూలు స్థితికి వచ్చాయని 2012లో ఒక స్కానింగు అధ్యయనం చూపించింది. మద్యానికి నెలలు పడుతుంది. జ్ఞాపకం మాత్రం చెరగదు, దాని మీద కొత్త జ్ఞాపకాలు పేరాలి, అంతే. మందులున్నాయి. మద్యానికి నాల్ట్రెక్సోన్, నల్లమందు జాతివాటికి బ్యుప్రెనార్ఫిన్, పొగాకుకి నికోటిన్ చూయింగ్ గమ్ములు. "మత్తు మాన్పడానికి మళ్లీ మందులా?" అంటారు. షుగరుకి ఇన్సులిన్ తీసుకుంటే ఎవరూ అలా అనరు. 2019లో ఎయిమ్స్ వాళ్లు ఇచ్చిన దేశవ్యాప్త సర్వేలో మద్యానికి బానిసలైనవాళ్లు 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. మిగతా 37 మంది ఇళ్లలో ఏం జరుగుతోందో మీకు నేను చెప్పాలా?

కేసవుతుందని భయపడి పిల్లల్ని దాచేవాళ్లకి ఒక మాట. మత్తుపదార్థాల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. అలవాటుపడ్డవాడు, కొద్ది మోతాదు కేసులో తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకి ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. 14446కి ఫోన్ చేస్తే సలహా చెబుతారు, డబ్బులు అక్కర్లేదు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

(ఒక మహిళ: మా తమ్ముడు సెంటర్లో మూడు నెలలుండి వచ్చే వారం ఇంటికొస్తున్నాడండి. ఇంజెక్షన్లు చేసుకునేవాడు. మేం ఏం చెయ్యాలి?)

ముందు ప్రాణం సంగతి. మూడు నెలల్లో అతని శరీరం పాత మోతాదుని మరిచిపోయింది, మెదడు మరిచిపోలేదు. జారితే పాత మోతాదే ఎక్కిస్తాడు, ఊపిరి ఆగిపోతుంది. ఆ మాట అతనికి మొహం మీదే చెప్పండి, దాచకండి. ఊపిరి మందగించి పెదాలు నీలంగా మారితే తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే 108. తర్వాత, సాయంత్రాలు ఏం చేస్తాడో ఇప్పుడే అతనితో కూర్చుని అనుకోండి. పాత ఫోన్ నంబరు మార్చెయ్యండి. అతని గది కూడా మార్చండమ్మా, మంచం కూడా. జారితే ఆ రాత్రే మాకు ఫోన్ చెయ్యండి, ఆర్నెల్ల తర్వాత కాదు.

(ఒక కుర్రాడు: ఆ మేస్త్రీ ఏమయ్యాడండీ?)

ఆయ్, అడుగుతావనుకున్నాను. రెండుసార్లు జారాడు. రెండుసార్లూ భార్యే తీసుకొచ్చింది. ఇప్పటికి పది నెలలైంది. పనికి వంతెన మీద నుంచి వెళ్లడు. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా పొలాల వెనక పుంత దారిలో సైకిలు మీద వెళ్తాడు. వర్షాకాలం ఆ పుంతంతా బురద, సైకిలు భుజాన వేసుకుని నడుస్తాడట. "ఇంకా లాగుతోందా?" అని మొన్న అడిగాను. "వంతెన వైపు చూస్తే లాగుద్దండి, నేను చూడను" అన్నాడు.